డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ ఫస్ట్ ఇంప్రెషన్స్: స్విచ్ లైట్‌లో 15 గంటలు, మధ్యలో ఒక తెలుగు సమస్య

గేమ్ పాతదే. నింటెండో స్విచ్‌కి 2019 సెప్టెంబర్ 27న వచ్చింది. ఇప్పుడు దీనికి ఫస్ట్ ఇంప్రెషన్స్ ఏంటి అని మీరు అడగొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో ఒక స్విచ్ లైట్ నా చేతికి ఈమధ్యే వచ్చింది. ఒక పెద్ద ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్‌ని మొదటి నుంచి కుదురుగా కూర్చుని ఆడటం కూడా నాకు ఇదే మొదటిసారి. కాబట్టి నాలాగే లేటుగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ 15 గంటలూ నేనొక్కడినే ఆడలేదు. మునగాలలో మా ఇంట్లో ఆడుతుంటే మా చిన్నమ్మ కొడుకు రోజూ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడు ఇంటర్ ఫస్టియర్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఫోన్‌లో షూటింగ్ గేమ్స్‌లో నన్ను నిద్రలో కూడా ఓడిస్తాడు. అలాంటివాడికి కూడా ఈ గేమ్ ఒక చోట అడ్డం తిరిగింది.

అందుకని ఈసారి రెండు విషయాలు చూద్దాం. చేతిలో పట్టుకుని ఆడే మెషిన్ మీద ఈ గేమ్ ఎలా ఉంది? ఇంగ్లిష్ అంత ఫ్రీగా రాని మనలాంటి ఊళ్ల కుర్రాళ్లకి ఎలా ఉంది? మొదటిదానికి జవాబు ఈజీగానే దొరికింది. రెండోదానికే టైమ్ పట్టింది.

ముందు బేసిక్స్

డ్రాగన్ క్వెస్ట్ సిరీస్ 1986లో జపాన్‌లో మొదలైంది. దీన్ని పుట్టించింది యూజీ హోరీ. క్యారెక్టర్ల బొమ్మలు అకీరా తోరియామా గీశారు. అవును, మనం చిన్నప్పుడు స్కూల్ నుంచి పరిగెత్తుకొచ్చి చూసిన డ్రాగన్ బాల్ జీ ఆయనదే. 2024 మార్చిలో ఆయన చనిపోయారు. సంగీతం కోయిచి సుగియామా. ఆయన కూడా 2021లో పోయారు. మొదటి గేమ్ నుంచి ఈ పదకొండో గేమ్ దాకా ఈ ముగ్గురూ కలిసే పనిచేశారు.

పదకొండో భాగం జపాన్‌లో 2017 జులైలో పీఎస్4కి, నింటెండో 3డీఎస్‌కి వచ్చింది. దానికే కొత్త కథలు, ఆర్కెస్ట్రా సంగీతం, పాత 16-బిట్ స్టయిల్ 2డీ మోడ్ కలిపి చేసిన వెర్షన్ ఈ 'ఎస్'. స్విచ్ లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. 2020 డిసెంబర్‌లో పీసీకి, పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి కూడా ఇదే వెర్షన్ వచ్చింది.

ఫ్రీ ఫైర్, బీజీఎమ్ఐ ఆడేవాళ్లకి ఒక మాట. ఇందులో స్పీడ్‌గా గురి చూసి కొట్టే పని లేదు. మీరు, మీ టీమ్ ఒకసారి కొట్టాలి, తర్వాత రాక్షసులు కొట్టాలి. చదరంగంలాగా వంతులు. గెలిచినకొద్దీ మీ వాళ్ల బలం పెరుగుతుంది, కొత్త మంత్రాలు వస్తాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు. అవతల ఎవడో మైక్‌లో తిట్టడు. ఒక కథ ఉంటుంది, దానికి ఒక ముగింపు ఉంటుంది.

మొదటి గంట (చిన్న స్పాయిలర్లు ఉన్నాయి)

కాబుల్‌స్టోన్ అని ఒక పల్లె. హీరోకి పదహారేళ్లు వచ్చాయి. ఊరి ఆచారం ప్రకారం ఆ వయసు వచ్చినవాళ్లు పక్కనున్న గుట్ట ఎక్కి పైన ప్రార్థన చేసి రావాలి. తోడుగా చిన్నప్పటి నేస్తం జెమ్మా, ఆమె కుక్క. గుట్ట మీద ఒక రాక్షస పక్షి మీద పడినప్పుడు హీరో చేతి మీదున్న గుర్తు వెలుగుతుంది, పిడుగు పడుతుంది. ఇంటికొచ్చాక పెంచిన తల్లి అసలు సంగతి చెప్తుంది. నువ్వు నా కడుపున పుట్టలేదు, ఏట్లో కొట్టుకొస్తుంటే తాత ఎత్తుకొచ్చాడు, నువ్వు ల్యూమినరీ అనే పాతకాలపు వీరుడివి మళ్లీ పుట్టినవాడివి, హీలియోడార్ కోటకి వెళ్లి రాజుని కలువు అని.

హీరో వెళ్తాడు. రాజు మర్యాదగా పలకరిస్తాడు. తర్వాత లోకానికి పట్టిన చీకటివి నువ్వే అని చెరసాలలో వేయిస్తాడు. ఎదురు గదిలో ఎరిక్ అనే దొంగ. ఇద్దరూ కలిసి తప్పించుకుంటారు. అక్కడి నుంచి అసలు ప్రయాణం.

ఇదంతా చూస్తూ మా అమ్మ వంటింట్లోంచి, "ఇది చందమామ సీరియల్ లాగుంది కదరా" అంది. నిజమే. ఏట్లో దొరికిన బిడ్డ, చేతి మీద గుర్తు, మాట తప్పిన రాజు, నమ్మదగిన దొంగ. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' లాంటి సీరియల్స్ చదివిన తరానికి ఈ కథలో ఏదీ కొత్తగా అనిపించదు. ఫాంటసీ అంటే ఇంగ్లిష్ వాళ్లదో జపాన్ వాళ్లదో అనుకుంటాం గానీ, మన ఇళ్లల్లో అది నెలనెలా పోస్టులో వచ్చేది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఫైటింగ్, మిగతా సిస్టమ్స్

వంతుల ఫైటింగ్ బోర్ కొడుతుందేమో అని నాకు భయం ఉండేది. రెండు విషయాలు దాన్ని పోగొట్టాయి. ఒకటి, ఫైట్ స్పీడ్‌ని నార్మల్, ఫాస్ట్, అల్ట్రా ఫాస్ట్ అని మార్చుకోవచ్చు. చిన్న రాక్షసుల దగ్గర అల్ట్రా ఫాస్ట్ పెట్టేస్తే పది సెకన్లలో పని అయిపోతుంది. రెండు, టీమ్‌లో మిగతావాళ్లని వాళ్ల బుద్ధి ప్రకారం కొట్టుకోమని వదిలేయొచ్చు, లేదా ఒక్కొక్కరికీ మీరే ఆర్డర్ వేయొచ్చు. నేను చిన్న ఫైట్లకి వదిలేసి, బాస్‌ల దగ్గర పగ్గాలు తీసుకుంటున్నా.

రాక్షసులు మైదానంలో తిరుగుతూ కనిపిస్తారు. ఇష్టమైతే వెళ్లి కొట్టొచ్చు, లేకపోతే పక్క నుంచి వెళ్లిపోవచ్చు. గుర్రం మీదుంటే చిన్నవాటిని ఢీకొట్టి ఎగరగొట్టొచ్చు. దారిలో దొరికిన ఇనుము, మూలికలతో కత్తులు, టోపీలు చేసుకునే చిన్న కొలిమి కూడా ఉంది. దెబ్బ ఎక్కడ వేయాలో, ఎంత గట్టిగా వేయాలో చూసుకుని కొట్టాలి. మా తమ్ముడికి మొదట నచ్చింది ఇదే.

కష్టం చాలడం లేదనుకునేవాళ్లకి కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడే డ్రాకోనియన్ క్వెస్ట్ అనే సెట్టింగులు ఉంటాయి. రాక్షసులు బలంగా ఉండటం, షాపులో ఏమీ కొనకూడదనటం, హీరోకి ఉన్నట్టుండి సిగ్గు ముంచుకొచ్చి మనుషులతో మాట్లాడలేకపోవటం, ఊరి జనం అబద్ధాలు చెప్పటం లాంటివి. మొదటిసారి ఆడేవాళ్లు వీటి జోలికి పోకండి.

చేతిలో ఎలా ఉంది?

స్విచ్ లైట్ డిస్‌ప్లే 5.5 అంగుళాలు, 720పీ. బరువు 275 గ్రాములు. దీన్ని టీవీకి కలపలేం. అది మైనస్ అని చాలామంది అంటారు. మా ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా టీవీ నాది కాదు, అమ్మ సీరియల్స్‌ది. కాబట్టి నాకు అది మైనస్సే కాదు.

పెద్ద గ్రాఫిక్స్ కన్సోల్స్‌తో పోలిస్తే దూరంగా ఉన్న చెట్లు, గడ్డి కొంచెం మసకగా కనిపిస్తాయి. కానీ తోరియామా బొమ్మలు గట్టి గీతలతో, నిండు రంగులతో ఉంటాయి కాబట్టి చిన్న స్క్రీన్ మీద కూడా బాగా తేలతాయి. ఎండలో మాత్రం కష్టమే. మధ్యాహ్నం కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే స్క్రీన్‌లో గేమ్ కంటే నా మొహమే ఎక్కువ కనపడింది.

బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం గేమ్‌ని బట్టి 3 నుంచి 7 గంటలు. నాకు ఈ గేమ్‌తో, బ్రైట్‌నెస్ సగంలో పెడితే, నాలుగు గంటలకి కొంచెం తక్కువ వస్తోంది. యూఎస్‌బీ-సీ పోర్ట్ కాబట్టి పవర్ బ్యాంక్‌తో నడిచిపోతుంది.

అన్నిటికంటే ఉపయోగపడింది స్లీప్ బటన్. ఫైట్ మధ్యలో ఉన్నా ఒక్కసారి నొక్కితే ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలు. కరెంట్ పోయినా, బస్సు దిగాల్సి వచ్చినా, నాన్న పిలిచినా సరే. ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో నాన్న పిలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

నాన్న అంటే గుర్తొచ్చింది. మెషిన్ చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇది పైసలు పెట్టి ఆడేదేనా?" ఆయన భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ లాంటి డబ్బు ఆటల్ని 2017లోనే నిషేధించారు. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా గేమ్ అనే మాట వినగానే మన ఇళ్లల్లో ముందు అప్పులే గుర్తొస్తాయి. ఇందులో ఒకసారి కొన్నాక లోపల కొనేవి ఏమీ లేవని, లాటరీ పెట్టెలు లేవని, గేమ్‌లో జూదశాల వచ్చినా అక్కడ నడిచేది గేమ్ డబ్బులేనని ఆయనకి చూపించాల్సి వచ్చింది. పూర్తిగా నమ్మినట్టు లేదు గానీ వద్దనలేదు.

తమ్ముడి చేతికి ఇచ్చాక

మూడో రోజు మెషిన్ మావాడి చేతికిచ్చా. బటన్లు పది నిమిషాల్లో పట్టేశాడు. ఫైటింగ్ నాకంటే బాగా ఆడాడు. ఒక ఊళ్లోకి వెళ్లి ఒకాయనతో మాట్లాడాడు. స్క్రీన్ మీద నాలుగు లైన్లు వచ్చాయి. వాడు బటన్ నొక్కేశాడు. మళ్లీ నాలుగు లైన్లు, మళ్లీ నొక్కేశాడు. తర్వాత ఎటు వెళ్లాలో తెలియక అరగంట ఊరంతా తిరిగాడు.

"చదవొచ్చు కదరా?"

"చదివిన అన్నా. వీడు మాట్లాడేది ఇంగ్లిషేనా?"

నేను తీసుకుని చదివా. వాడు అడిగిందాంట్లో తప్పు లేదు. కాబుల్‌స్టోన్ జనం మాట్లాడేది మన పుస్తకాల ఇంగ్లిష్ కాదు. ఇంగ్లండ్ పల్లెటూళ్ల యాస. అక్షరాలు మింగేసి, పలికినట్టే రాసి పెట్టారు. ముందుకు వెళ్తే హాటో అనే వేడినీటి బుగ్గల ఊరు వస్తుంది. అక్కడ జనం హైకూల్లో మాట్లాడతారు. గొండోలియా అనే రేవు పట్నంలో ఇటలీ యాస కలిపిన ఇంగ్లిష్. ఇంజినీరింగ్ చదివిన నేనే కొన్ని చోట్ల రెండోసారి చదువుకున్నా.

ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేషన్ చేసే యాప్ పెట్టి చూశాం. మామూలు వాక్యాలకి పని జరిగింది, ఎటు వెళ్లాలో అర్థమైంది. కానీ యాస వచ్చిన చోట, జోకు వచ్చిన చోట ఏదేదో వచ్చింది. ఒక చేత్తో గేమ్, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఎంతసేపని ఆడతాం? మావాడు ఇరవై నిమిషాలకి ఫోన్ పక్కన పడేశాడు.

ఇంగ్లిష్ నేర్చుకుంటే అయిపోతుంది కదా అని చాలామంది అంటారు. నేను కూడా అలాగే అనేవాడిని. గేమ్స్ వల్ల ఇంగ్లిష్ వస్తుందన్న మాట కూడా నిజమే. కానీ ఈ గేమ్ ఇంగ్లిష్‌లో పుట్టింది కాదు, జపనీస్‌లో పుట్టింది. ఆ యాసలు, ఆ జోకులు ఇంగ్లిష్ అనువాదకులు కూర్చుని కొత్తగా పుట్టించినవి. మొదటి డ్రాగన్ క్వెస్ట్ అమెరికాకి 1989లో, అంటే మూడేళ్ల తర్వాత, 'డ్రాగన్ వారియర్' అనే పేరుతో వెళ్లింది. అప్పుడు అనువాదకులు పాతకాలపు ఇంగ్లిష్ వాడారు, మన గ్రాంథికం లాగా. ఈ పదకొండో గేమ్ జపాన్‌లో వచ్చినప్పుడు అసలు డైలాగులకి గొంతులే లేవు. 2018లో ఇంగ్లిష్ వెర్షన్ చేసినవాళ్లే మొదట వాయిస్ పెట్టారు. జపనీస్ గొంతులు తర్వాత ఈ 'ఎస్'లో వచ్చాయి.

అంటే ఇంగ్లిష్ పిల్లలు జపనీస్ నేర్చుకుని ఈ గేమ్ ఆడలేదు. వాళ్ల ఊళ్ల యాసలోకి దాన్ని తెచ్చి ఇచ్చారు. ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ వాళ్లకీ ఇచ్చారు. ఆ మెనూలో తెలుగు లేదు. హిందీ కూడా లేదు.

కుందేటి కొమ్ము

నాలుగో రోజు నుంచి పద్ధతి మార్చాం. నేను చదివి తెలుగులో చెప్తా, వాడు ఆడతాడు. మొదట్లో సారాంశం చెప్పేవాడిని. వాడు ఊరుకోలేదు. "అట్ల కాదన్నా, వాడెట్ల అంటుండో అట్లనే చెప్పు" అన్నాడు. సరే అని కాబుల్‌స్టోన్ తాతకి మా ఊరి యాస పెట్టా. "ఏం బిడ్డా, గుట్టెక్కి వచ్చినవా?" అని. వాడు నవ్విన నవ్వు చూసి అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

తర్వాత మంత్రాల దగ్గర ఆగాం. ఇంగ్లిష్‌లో నిప్పు మంత్రం పేరు ఫ్రిజ్. బలం పెరిగితే ఫ్రిజిల్, ఇంకా పెరిగితే కాఫ్రిజ్. జపనీస్‌లో ఇవే మెరా, మెరామి, మెరాజోమా. ఇంగ్లిష్ వాళ్లు ఆ పేర్లని అలాగే దింపలేదు, నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు వినిపించేలా కొత్తవి చేసుకున్నారు. చప్పుళ్లతో మాటలు కట్టడంలో తెలుగుకి సాటి ఏముంది? మావాడు నోట్‌బుక్ తెచ్చి రాశాడు: చిటచిట, పెటపెట, భగభగ. మెనూలో మూడు మెట్లు చూడగానే అర్థమైపోతాయి. గాలి మంత్రం వూష్‌కి రివ్వు. పేలుడు మంత్రం బ్యాంగ్‌కి ఢాం.

రాక్షసుల పేర్లన్నీ మాటల ఆటలే. బల్లెం పట్టుకున్న దోసకాయ ఒకటి వస్తుంది, ఇంగ్లిష్‌లో క్రూయెల్‌కంబర్. క్రూరం ప్లస్ కుకుంబర్. మావాడు ఒక్క క్షణం ఆలోచించకుండా "దోసకాసురుడు" అన్నాడు.

ఇంకోటి బునికార్న్. నుదుటి మీద కొమ్మున్న కుందేలు. బన్నీ ప్లస్ యూనికార్న్. ఇంగ్లిష్‌లో చిన్న జోకు, అంతే. నేను కొమ్ము కుందేలు అని రాయబోతుంటే అమ్మ పక్క నుంచి, "కుందేటి కొమ్ము అనండ్రా" అంది. లోకంలో లేని వస్తువు గురించి చెప్పడానికి మనవాళ్లు ఎప్పటి నుంచో వాడే మాట అది. లేనేలేదన్న ఆ కొమ్ము ఇక్కడ ఎగిరొచ్చి మన హీరోని పొడుస్తోంది. ఇంగ్లిష్ పేరు కంటే ఇది బాగుందని నేను బల్ల గుద్ది చెప్తా. జపాన్‌లో గీసిన బొమ్మ మన సామెతలోకి వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత ఆపలేకపోయాం. హాటో జనం హైకూల్లో మాట్లాడితే, తెలుగులో వాళ్లకి ఆటవెలది పెట్టాలి. హీలియోడార్ రాజుకి పౌరాణిక నాటకాల భాష. గొండోలియా వర్తకులకి గోదావరి యాస. ఇదంతా మేం ఆడుతూ సరదాకి చేసిందే. కానీ ఆ రోజు నుంచి మావాడు ఒక్క డైలాగ్ కూడా స్కిప్ చేయలేదు. కాబుల్‌స్టోన్‌కి ఏమైందో తెలిసిన సీన్‌లో (అది చెప్పను) మెషిన్ పక్కన పెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు. అదే సీన్ ఇంగ్లిష్‌లో వచ్చుంటే నాలుగు బటన్లు నొక్కి దాటేసేవాడు.

టెక్నికల్‌గా తెలుగు పెట్టడం కష్టమా?

కొంత కష్టమే. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పక్కన ఒక అక్షరం పేర్చుకుంటూ పోతే చాలు. తెలుగులో అలా కుదరదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు. ఈ ఆరింటినీ కలిపి ఏ వత్తు కింద, ఏ గుడి పైన రావాలో లెక్కేసి బొమ్మ గీయాలి. దీన్ని షేపింగ్ అంటారు. ఇది చేయని సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పొల్లులతో విడిపోయి కనిపిస్తుంది. పాత ఫోన్లలో మనం చూసిందే.

షేపింగ్ కోసం హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. ఆండ్రాయిడ్‌లో తెలుగు సరిగ్గా కనిపించడానికి కారణం అదే. గేమ్‌లు తయారు చేసే అన్‌రియల్ ఇంజిన్‌లోనూ అది ఉంది, ఈ డ్రాగన్ క్వెస్ట్ తయారైంది అన్‌రియల్ ఇంజిన్ 4లోనే. ఉచితంగా దొరికే గోడాట్ ఇంజిన్‌కి కూడా 2023లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్ టూల్ మాత్రం మన లిపుల విషయంలో చాలాకాలం వెనకబడే ఉంది. ఇంకో సమస్య చోటు. వత్తులు, గుడులు ఉండటం వల్ల తెలుగు లైన్‌కి ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కోసం కొలిచిన డైలాగ్ పెట్టెలో తెలుగు ఇరుకుతుంది. పెట్టె పెంచాలి, లేదా వాక్యం తగ్గించాలి.

ఇవన్నీ తీరే సమస్యలే. తీరనిది లెక్క. నింటెండో ఇండియాలో స్విచ్‌ని అధికారికంగా అమ్మలేదు. మన దగ్గర ఉన్నవన్నీ బయటి నుంచి తెప్పించినవే. అమ్మని చోట కొనేవాళ్లు లెక్కలోకి రారు. లెక్కలో లేనివాళ్ల భాషకి ఎవరూ డబ్బు పెట్టరు.

అయినా కంపెనీల కోసమే ఆగాలని లేదు. 'మదర్ 3' అనే జపనీస్ గేమ్ 2006లో వచ్చింది, ఇంగ్లిష్‌లో విడుదల చేయలేదు. ఆడాలనుకున్న అభిమానులే కూర్చుని అనువాదం చేసి 2008లో బయటపెట్టారు. 'బ్యాటిల్ ఫర్ వెస్నాత్' లాంటి ఓపెన్ సోర్స్ ఫాంటసీ గేమ్‌లకి అనువాదాలు రాసేది వాలంటీర్లే. అక్కడ అనుమతి సమస్య కూడా ఉండదు. నేర్చుకోవాలనుకునేవాళ్లు అలాంటి చోట మొదలుపెట్టడం మంచిది.

మునగాలలో ఇది కొత్త పని కాదు

కోదాడ, సూర్యాపేట మధ్య హైవే మీద వెళ్లేవాళ్లకి మునగాల ఒక స్టాప్. కానీ ఒకప్పుడు ఇది ఒక సంస్థానం. నాయని వెంకట రంగారావు ఇక్కడి రాజా, ఆయన దగ్గర దివాన్ కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. 1906లో లక్ష్మణరావు పూనుకుని విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టారు. చరిత్ర, సైన్స్ లాంటివి ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే ఎందుకు అందాలి, తెలుగులో పుస్తకాలు వేద్దాం అన్నది వాళ్ల ఉద్దేశం. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర అలా వచ్చిందే. తర్వాత లక్ష్మణరావు తెలుగులో విజ్ఞాన సర్వస్వం పని కూడా తలకెత్తుకున్నారు.

వాళ్లు చేసింది కూడా లెక్క చూస్తే కుదరని పనే. మన భాషలో చదివేవాళ్లు ఎంతమంది, కొనేవాళ్లు ఎంతమంది అని చూసుకుని ఉంటే ఆ పుస్తకాలు వచ్చేవి కావు. గేమ్ అంత గొప్ప విషయమా అని అడిగితే, కాకపోవచ్చు. కానీ మావాడి వయసు పిల్లలు ఈరోజు కథలు ఎక్కువగా చూసేది స్క్రీన్ మీదే. అక్కడ తెలుగు లేకపోతే, వాళ్లకి కథ అనేది బటన్ నొక్కి దాటేసే వస్తువు అవుతుంది.

మరి కొనాలా?

ఇంగ్లిష్ చదవడం అలవాటున్నవాళ్లయితే తప్పకుండా. స్విచ్ కోసం 2019లో ఒక పెద్ద ఫ్రీ డెమో ఇచ్చారు. దాదాపు పది గంటల ఆట, అందులో సేవ్ చేసుకున్నది అసలు గేమ్‌లోకి వస్తుంది. మేం మొదలుపెట్టింది దాంతోనే. అకౌంట్ వేరే దేశం రీజియన్‌తో చేసుకోవాలి, కాబట్టి పేమెంట్ ఎలా చేస్తారో ముందే చూసుకోండి. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనేవాళ్లు రెండు స్టిక్స్‌నీ సెట్టింగ్స్‌లో చెక్ చేసి, వదిలేసినా పాయింటర్ జరుగుతోందేమో చూసి తీసుకోండి. పీసీ ఉన్నవాళ్లు ముందు అందులో ట్రై చేస్తే ఖర్చు తగ్గుతుంది.

నచ్చినవి: వంతుల ఫైటింగ్, స్పీడ్ సెట్టింగులు, తోరియామా రాక్షసులు, ఎక్కడైనా ఆపే వీలు, లోపల డబ్బు అడగకపోవటం.

నచ్చనివి: ఎండలో స్క్రీన్, నాలుగు గంటలు దాటని బ్యాటరీ, కొన్ని సీన్లలో పదేపదే వచ్చే అదే సంగీతం, హీరో మాట్లాడకపోవటం (అలవాటవుతుంది), మన భాష లేకపోవటం.

ఇంగ్లిష్ అంతగా రానివాళ్లయితే ఒంటరిగా కొనకండి. పక్కన చదివి చెప్పే మనిషి ఉంటే కొనండి. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి నా రిక్వెస్ట్ కూడా అదే. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఒక వారం హెడ్‌ఫోన్స్ తీసేసి పైకి చదివి వాళ్లతో ఆడి చూడండి. గేమ్ నెమ్మదిగా సాగుతుంది, కానీ రెండింతలు గుర్తుంటుంది.

ప్రస్తుతం మేం గ్యాలోపొలిస్ ఎడారిలో గుర్రప్పందెం దగ్గర ఉన్నాం. మావాడి నోట్‌బుక్‌లో పేర్లు రెండు పేజీలు దాటాయి. గేమ్ పూర్తయ్యాక ఫుల్ రివ్యూతో పాటు ఆ లిస్ట్ కూడా ఇక్కడే పెడతా. స్లైమ్‌కి మాత్రం ఇంకా పేరు కుదరలేదు. బురద అంటే ఆ నవ్వు మొహానికి అన్యాయం, జిగట అంటే మావాడు ఒప్పుకోవడం లేదు.